ఆరో గది

1925 జులై 4. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అమెరికా పడమటి కొండల్లో ఓ రాంచ్ ఇంటి మేడమీద, వేసవి రాత్రుళ్లు పడుకోవడానికి కట్టుకున్న వసారాలో, ఇరవై ఆరేళ్ల కుర్రాడొకడు దుప్పటి తన్నేసి లేచాడు. ఆ దేశానికి అది స్వాతంత్ర్య దినం. మన ఆగస్టు పదిహేనూ దీపావళీ ఒకే రోజు వచ్చి పడితే ఎలా ఉంటుందో, వాళ్లకు ఆ రోజు అలా ఉంటుంది. జెండా ఎంత అవసరమో చప్పుడూ అంతే అవసరం. ఊళ్లో ఉన్నవాడు టపాకాయ ముట్టిస్తాడు. పశువుల వెంట తిరిగేవాడు మొలనున్నది బయటికి తీస్తాడు.

కుర్రాడి పేరు ఎల్మర్ కీత్. మొలనున్నది కోల్ట్ కంపెనీ సింగిల్ యాక్షన్ రివాల్వర్, .45 క్యాలిబర్. 1873లో అమెరికా సైన్యం తీసుకున్ననాటి నుంచీ పెద్దగా మారని తుపాకీ. కృష్ణగారు ‘మోసగాళ్లకు మోసగాడు’లో కౌబాయ్ టోపీ పెట్టిన దగ్గర్నుంచీ ఆ తరహా మనకూ పరిచయమే. ఊరికే ట్రిగ్గర్ నొక్కితే పేలదు. ప్రతి తూటాకీ ముందు బొటనవేలితో హ్యామర్‌ని వెనక్కి లాగాలి. లాగుతుంటే నాలుగు చిన్న టిక్కులు వినిపిస్తాయి. ఆ నాలుగు టిక్కుల్లోనే లోపల ఒక కొక్కెం సిలిండర్‌ని ఒక గది మేర తిప్పుతుంది. కింద నుంచి ఒక చిన్న గొళ్లెం పైకి లేచి, సిలిండర్ ఒంటిమీదున్న గాడిలో కూర్చుని, దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. ఈ గొళ్లెం సంగతి కాస్త గుర్తుంచుకోండి. ముప్పయ్యేళ్ల తర్వాత కథ మళ్లీ దాని దగ్గరికే వస్తుంది.

ఆ పొద్దున అందులో ఉన్న తూటాలు దుకాణంలో కొన్నవి కావు. కీత్ తన చేత్తో కూర్చుకున్నవి. రైఫిల్ కోసం పోత పోసే బరువైన సీసపు గుండుని ఒరిపిడి పెట్టి కాస్త సన్నం చేసి, రివాల్వర్ తూటాలో దిగ్గొట్టాడు. వెనకాల నల్ల తుపాకీమందు దట్టించాడు. ఊళ్లో అందరి తుపాకీలూ మోగుతాయి కదా, తనది ఇంకొంచెం గట్టిగా మోగాలి.

మొదటిది పేలింది. చేయి పైకి ఎగిరింది. ఎగిరిన చేయి దిగేలోపే అలవాటు కొద్దీ బొటనవేలు హ్యామర్‌ని లాగేసింది. రెండోది పేలింది. ఈసారి చప్పుడు వేరు. చెవులు దిమ్మెక్కాయి. కళ్లముందు చిన్న మంట ఒకటి మెరిసి పోయింది. బొటనవేలు మూడోసారీ హ్యామర్ మీదికి వెళ్లింది గానీ, అక్కడ ఏదో తేడాగా ఉంది. ఆగాడు. ఆగి, తుపాకీని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

సిలిండర్ మీదుగా పోయే ఉక్కు పట్టీ లేదు. సిలిండర్లో పైనున్న మూడు గదులకూ పైసగం లేదు. వాటిలో ఉండాల్సిన ఒక తూటా, ఇంకో తూటా గొట్టంలో సగం కూడా లేవు. పిడి మాత్రం చేతిలో భద్రంగా ఉంది. కీత్ కూడా.

చెవుల్లో హోరు తప్ప ఒంటికి చెప్పుకోదగ్గ దెబ్బ లేదు. అదృష్టం అంటే అదే. పట్టీ పైకి లేచింది కాబట్టి సరిపోయింది, అదే వెనక్కి వచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆఖరు.

ఇంకొకడైతే తుపాకీ ముట్టనని ఒట్టు పెట్టుకునేవాడు. లేకపోతే మందు తగ్గించుకునేవాడు. కీత్ ఆ రెండూ చేయలేదు. విరిగిన ముక్కని చాలాసేపు చూశాడు. ఆ చూపులోంచే తర్వాతి అరవయ్యేళ్ల రివాల్వర్ల చరిత్రలో సగం బయటికొచ్చింది.

ఆయన చూసినదేమిటో అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్లాలి. గుంత పొంగనాల పెనం తెలుసు కదా, రాయలసీమలో ప్రతి ఇంటా ఉండేదే. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు గుంతలు ఉన్న చిన్న పెనం ఒకటి ఊహించుకోండి. రివాల్వర్ సిలిండర్ అచ్చం అలాగే ఉంటుంది. మధ్యలో ఇరుసుకి కంత, చుట్టూ ఆరు గదులు. పొంగనం పెద్దది కావాలని ప్రతి గుంతనీ కొంచెం కొంచెం తొలుచుకుంటూ పోయామనుకోండి. పెనం సైజు పెరగదు. గుంతకీ గుంతకీ మధ్య గోడ పలచబడుతుంది. అంచున మిగిలిన లోహం ఇంకా పలచబడుతుంది. పెనమైతే మహా అయితే పిండి కారుతుంది. సిలిండర్లో ప్రతి గదీ ఒక చిన్న బాంబుని లోపల పెట్టుకుని, అది పేలినా విడిపోకుండా బిగపట్టాలి.

కోల్ట్ సిలిండర్లో .45 గదులు ఆరు పట్టాయి. పట్టాయంటే, సరిగ్గా పట్టాయి. నల్ల తుపాకీమందు రోజుల్లో సైన్యం వాడే తూటాకి ఆ గోడలు చాలు. అంతకు మించి అడిగితే చాలవు. కీత్ అడిగాడు.

పెద్ద తూటాకోసం చిన్న తుపాకీని తొలవడం కొత్త సంగతేమీ కాదు. అసలు కోల్ట్ సింగిల్ యాక్షనే ఆ వంశంలో పుట్టింది. 1860 ప్రాంతాల కోల్ట్ రివాల్వర్లలో ఇత్తడి తూటా ఉండేది కాదు. మందు, గుండు ముందు నుంచి కూరాలి. సిలిండర్‌కి ఈ కొస నుంచి ఆ కొసకి కంత పెట్టే పేటెంటు రోలిన్ వైట్ అనే ఆయనది, దాన్ని స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ గుప్పిట్లో పెట్టుకుంది. 1869లో ఆ గడువు తీరగానే కోల్ట్ వాళ్లు గోదాముల్లో ఉన్న పాత రివాల్వర్లను తూటాలు పట్టేలా మార్చి అమ్ముకున్నారు. కొత్తది పోత పోసేకంటే ఉన్నదాన్ని తొలిచేది చవక. ఆ మార్పులు చేయించిన రిచర్డ్స్, మేసన్ అనే ఇంజినీర్లే తర్వాత 1873 తుపాకీని రూపుదిద్దారు. కాబట్టి కోల్ట్‌ని మార్చడమంటే పడమటి వాళ్లకు పాతిల్లు బాగుచేయించుకున్నంత మామూలు. మార్చిన తర్వాత నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

అయినా కీత్ ఎందుకంత మొండివాడయ్యాడో చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

పన్నెండేళ్ల వయసులో మొంటానాలోని మిసూలాలో వాళ్లున్న హోటల్‌కి నిప్పంటుకుంది. పిల్లాడు బతకడన్నారు. ముఖం, మెడ, భుజం కాలాయి. ఎడమచేయి కాలి, ముడుచుకుని, మణికట్టు మీదికి వెనక్కి తిరిగి అతుక్కుపోయింది. పెరిగే వయసు. ఆ చేయి అలాగే గట్టిపడిపోయింది. డాక్టర్లు చేయి పెట్టడానికి ఒప్పుకోలేదు. పిల్లాడు తండ్రిని ఒప్పించాడు: విరిచి, సరిచేసి కట్టమని. తండ్రి విరిచాడు. వేళ్లు ఒక్కొక్కటీ తిన్నగా లాగి కట్టాడు. ఈ ముక్క కీత్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. చదువుతుంటే ఆ తండ్రి మీద ఎక్కువ జాలి కలుగుతుంది నాకు.

ఆ చేత్తోనే ఆయన గుర్రాలు లొంగదీశాడు, రైఫిల్ పట్టాడు, రివాల్వర్ కింద ఆనించి బరువు మోశాడు. విరిగినదాన్ని మళ్లీ అమర్చుకోవచ్చన్న నమ్మకం ఆయనకు పుస్తకాల్లో దొరికింది కాదు.

సరే, 1925కి వద్దాం. పగిలిన .45ని పక్కనపెట్టి కీత్ చేసిన పని వింటే నవ్వొస్తుంది. పెద్ద దెబ్బ కావాలన్నవాడు చిన్న బోరుకి దిగాడు. .44 స్పెషల్ అనే తూటా అప్పటికే మార్కెట్లో ఉంది, సాధువులాంటిది, చప్పుడుచేయదు. పేరుకి .44 గానీ దాని గుండు అసలు కొలత .429 అంగుళం. పాత .45 గుండుకీ దీనికీ తేడా అంగుళంలో సుమారు నలభయ్యో వంతు. మన లెక్కలో అర మిల్లీమీటరుకి కాస్త పైన. ఆ కాస్తా గదుల్లోంచి తగ్గి గోడల్లోకి చేరింది. అదే కోల్ట్ చట్రం, అదే సిలిండర్ సైజు, అవే ఆరు గదులు. గోడలు మాత్రం బలిశాయి. అందరూ కంత కొలిచి తుపాకీ బలం చెబుతున్న రోజుల్లో కీత్ కంత చుట్టూ మిగిలిన ఉక్కుని కొలవడం మొదలుపెట్టాడు. ఆయన తెలివి అంతా నా దృష్టిలో అక్కడే ఉంది. మిగతాదంతా ఓపిక.

ఆ ఓపికకు పరీక్ష 1928లో వచ్చింది. కీత్ అప్పటికి ఆరెగాన్‌లోని డర్కీ దగ్గర రాంచ్‌లో ఉంటున్నాడు. రివాల్వర్‌తో ఇన్ని వందల గజాల దూరం కొట్టానని పత్రికలకు రాస్తుంటే తూర్పున ఉన్నవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లు. వాళ్లలో హెరాల్డ్ క్రాఫ్ట్ అనే పెన్సిల్వేనియా పెద్దమనిషి ఒకాయన ఊరుకోలేదు. సూట్‌కేసు నిండా రివాల్వర్లు సర్దుకుని, రైలెక్కి, దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చాడు. అబద్ధం పట్టుకోవడానికి అంత దూరం వచ్చినవాణ్ని చూస్తే ముచ్చటేస్తుంది.

నాలుగడుగుల చదరపు గురి ఒకటి 700 గజాల దూరంలో నిలబెట్టారు. అంత దూరంలో అది కంటికి కందిగింజ. గుండు చేరేసరికి తాటిచెట్టు ఎత్తుల్లో కిందికి జారిపోతుంది కాబట్టి, గురిని చూడటం కాదు, గురికి పైన ఆకాశంలో చోటు చూసుకుని కాల్చాలి. కీత్ నేల మీద కూలబడి, వెన్ను ఆనించుకుని, రెండు చేతులతో పట్టి, దుమ్ము లేచిన చోటు చూసి దిద్దుకుంటూ పోయాడు. సూట్‌కేసులోని ప్రతి తుపాకీతోనూ, పొట్టి గొట్టాలవాటితో సహా, గురిని తాకానని తర్వాత రాశాడు. దానికి సాక్షి ఎదురుగానే నిలబడి ఉన్నాడు. పట్టుకుందామని వచ్చిన క్రాఫ్ట్ ఆ రోజు నుంచి మిత్రుడయ్యాడు.

ఇద్దరూ కలిసి కూర్చుని కోల్ట్‌ని మళ్లీ నిర్మించారు. క్రాఫ్ట్ అప్పటికే తన మార్పులకు ఒకటి నుంచి నాలుగు వరకు నంబర్లు వేసుకున్నాడు. కీత్‌ది ఐదయింది. ‘నంబర్ ఫైవ్’ పేరు అలా వచ్చింది. చట్రం పైభాగాన్ని బల్లపరుపు చేసి సర్దుకోగల గురి బిగించారు. పిడి వెనకభాగం బిస్లీ అనే మరో మోడల్ నుంచి, ముందుభాగం మామూలు కోల్ట్ నుంచి తీసి, రెండూ కలిసేలా సాగదీసి వంచారు. హ్యామర్ వెడల్పు చేశారు, చలికి కొయ్యబారిన బొటనవేలికి అందాలని. సిలిండర్ ఇరుసు దెబ్బకి సడలి బయటికి రాకుండా తాళంలాంటి మీట పెట్టారు. పనంతా ఒక్క చేతిమీద జరగలేదు. ఒకరు చట్రం, ఒకరు పిడి, ఒకరు చెక్కడం, అలా ఎందరో తుపాకీ మేస్త్రులు తలా ఒక చెయ్యి వేశారు. మన రథం చేసినట్టు. ఏనుగు దంతం పిడితో, నిండా లతలు చెక్కిన ఆ .44 గురించి కీత్ 1929లో ‘అమెరికన్ రైఫిల్‌మన్’లో వ్యాసం రాసి, రివాల్వర్ల విషయంలో ఇదే ఆఖరి మాట అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. వయసు ముప్పై. ఆ వయసులో అందరం ఆఖరి మాట చెప్పేశామనే అనుకుంటాం.

తర్వాతి పాతికేళ్లూ ఆయన పని ఉత్తరాలు రాయడమే. బలమైన .44 తూటా తయారు చేయండి మహాప్రభో అని కంపెనీలకు రాశాడు, కలిసినప్పుడు అడిగాడు, వ్యాసాల్లో పోరాడాడు. 1935లో .357 మాగ్నం అనే బలమైన తూటా వచ్చింది, జనం ఆహా అన్నారు, కీత్ చిన్నదన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ ఆయుధశాలలో తనిఖీ ఉద్యోగం చేశాడు. ఆయన చూసి సరేనన్న రైఫిళ్ల కర్రమీద ఆగ్డెన్‌కీ తన పేరుకీ కలిపి నాలుగక్షరాల ముద్ర పడేది. జులై నాలుగున తుపాకీ పగలగొట్టుకున్న కుర్రాడే ఏది నిలుస్తుందో ఏది నిలవదో సైన్యానికి ముద్రవేసి చెప్పేవాడయ్యాడు.

1955 చివర్లో స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి .44 మాగ్నం తెచ్చాయి. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాయి. తూటాని పాత .44 స్పెషల్ కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు చేశారు. అది బలం కోసమే కాదు. కొత్త తూటా ఎవడైనా తాతల నాటి తుపాకీలో పెట్టబోతే గదిలో పట్టకూడదని. పొడవుతో వేసిన తాళం అది.

(ఈ .44ని లోకమంతా తెలుసుకున్నది 1971లో, క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘డర్టీ హ్యారీ’తో. మన ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చిందీ అదే ఏడాది. ఆ ఏడాది తుపాకులకు బాగా కలిసొచ్చింది.)

సింగిల్ యాక్షన్ మాత్రం ఇంకా పాత పాఠం పూర్తిగా నేర్చుకోలేదు. కనెటికట్‌లో బిల్ రూగర్ 1955లో .357 క్యాలిబర్‌లో బ్లాక్‌హాక్ అనే సింగిల్ యాక్షన్ తీసుకొచ్చాడు. కోల్ట్ పోలికే, లోపల మెరుగైన ఉక్కు, ఆకు స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులు. పైన బల్లపరుపు చట్రం, సర్దుకోగల గురి. కీత్ నంబర్ ఫైవ్ చూసినవాడికి ఆ పోలిక చెప్పక్కర్లేదు. .44 మాగ్నం సంగతి చెవిన పడగానే రూగర్ అందరికంటే ముందు మార్కెట్లో ఉండాలనుకున్నాడు. చెత్తలో పారేసిన ఖాళీ తూటా ఒకటి చేతికి చిక్కి గుట్టు తెలిసిందని ఓ కథ కూడా ప్రచారంలో ఉంది. ఏదేమైనా, ఉన్న .357 చట్రాన్నే, ఉన్న సిలిండర్ సైజునే ఉంచి, గదులు .44కి తొలిచి నమూనాలు చేశారు.

పరీక్ష గదిలో వాటిలో ఒకటి పేలిపోయింది.

దాదాపు ముప్పయ్యేళ్ల కిందటి వసారా. పొంగనాల పెనం. అదే తప్పు, ఈసారి ఫ్యాక్టరీలో, ఇంజినీర్ల సమక్షంలో.  రూగర్ మొండికేయలేదు. చట్రం పెంచాడు, సిలిండర్ పొడవూ లావూ పెంచాడు, 1956లో .44 బ్లాక్‌హాక్ అమ్మకానికి పెట్టాడు. అంత పరీక్షాయంత్రాంగం ఉన్నవాళ్లకే అలా అయితే ఇంటి కొట్టంలో డ్రిల్ పట్టుకునేవాడి గతేమిటని వేరే చెప్పాలా? మన 1959 ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా చేయకూడని పనుల వరుసలో తయారీ, అమ్మకాల పక్కనే మార్పునీ, మరమ్మతునీ, పరీక్షనీ కలిపి చెప్పింది. రాసినవాళ్లకు విషయం తెలుసు.

అదే 1950ల్లో, యూటాలో డిక్ కాసల్ అనే ఇరవై చిల్లర ఏళ్ల మేస్త్రీ ఇంకా పెద్ద పిచ్చిలో ఉన్నాడు. కీత్ వదిలేసిన .45నే పట్టుకున్నాడు. కోల్ట్ సింగిల్ యాక్షన్లోంచి .44 మాగ్నంని మించిన దెబ్బ తీయాలి. మెరుగైన ఉక్కుతో సిలిండర్లు చేశాడు, కాల్చి గట్టిపరిచాడు, పేల్చాడు, పగిలాయి. మళ్లీ చేశాడు, మళ్లీ పగిలాయి. ఆరు గదులున్నంతకాలం ఏ ఉక్కూ చాలలేదు.

ఇక్కడే మన గొళ్లెం మళ్లీ కథలోకొస్తుంది. పేలే గది ఎప్పుడూ పైన ఉంటుంది, గొళ్లెం సిలిండర్ని కింద నుంచి పట్టుకుంటుంది. ఆరు గదులుంటే పైన ఒక గది ఉన్నప్పుడు సరిగ్గా దానికి ఎదురుగా కింద ఇంకో గది ఉంటుంది. అంటే గొళ్లెం కూర్చునే గాడిని ఏ గదికా గది వీపు మీదే, అసలే గోడ పలచగా ఉన్న చోటే, చెక్కాల్సి వస్తుంది. ప్రతి గదికీ తన బలహీనత తన వీపునే ఉంది. ఇప్పుడు ఐదు గదులు చేసి చూడండి. పైన ఒక గది ఉంటే దానికి ఎదురుగా కింద ఉండేది రెండు గదుల మధ్య ఖాళీ, నిండు ఉక్కు. గాడి అక్కడ పడుతుంది. గది వీపు చెక్కుచెదరదు. పైగా గదికీ గదికీ మధ్య గోడా దండిగా లావెక్కుతుంది.

చెబితే ఇంతే. చేయాలంటే సిలిండర్ తిరిగే మెట్టు అరవై డిగ్రీల నుంచి డెబ్బై రెండుకి మారుతుంది, తిప్పే కొక్కెం ఇంకాస్త దూరం నెట్టాలి, గొళ్లెం పడే వేళ మారుతుంది, ఆ నాలుగు టిక్కుల తాళం మొత్తం కొత్తగా కట్టాలి. కాసల్ కట్టాడు. అందులోంచి పుట్టిన .454 కాసల్ తూటా గురించి 1959లో పత్రికల్లో వచ్చింది. చదివినవాళ్లు, కీత్ మాటలు విని నవ్వినట్టే, నవ్వారు. వయోమింగ్‌లోని ఫ్రీడమ్ అనే చిన్న ఊళ్లో, ఆ ఊరి పేరే పెట్టుకున్న ఫ్రీడమ్ ఆర్మ్స్ కంపెనీలో, ఆ తుపాకీ వరుసగా తయారై బయటికొచ్చేసరికి 1983 అయింది. ఆ మరుసటేడు ఫిబ్రవరిలో కీత్ పోయాడు.

ఆరులోంచి ఒకటి తీసేశాడని కాసల్‌ని దెప్పినవాళ్లు లేకపోలేదు. కానీ పాత కౌబాయ్‌లనడిగితే ఆశ్చర్యపోయేవారు కాదు. కోల్ట్ సింగిల్ యాక్షన్లో హ్యామర్ నేరుగా తూటా మీద ఆనుకుని ఉంటుంది. జీను దిగుతుంటే రికాబు తగిలినా చాలు, పేలి కాల్లో దిగుతుంది. అందుకే తెలిసినవాడు ఆరు గదుల్లో ఐదే నింపేవాడు. ఆరోది ఖాళీగా ఉంచి, హ్యామర్‌ని దాని మీద దించుకుని తిరిగేవాడు. ఆ ఖాళీ గదిలో కొందరు డాలర్ నోటొకటి సన్నగా చుట్టి దోపుకునేవారని పడమటి ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దారిలో చస్తే, ఎవరైనా తీసి, పాతిపెట్టే ఖర్చుకి వాడతారని.